ఏ టీకా మంచిది? తెలివైనవాళ్ళకు కొన్ని చిట్కాలు

కొవిడ్ లాంటి మహమ్మారి మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చినా కంగారుపడక్కర్లేదు. టీకా వేయించుకోకుండా టీకా గురించి మాట్లాడటంలో 2021లో మనవాళ్ళు సంపాదించిన అనుభవం అంతా ఇంతా కాదు. అదంతా పోగేసి, ముందు తరాలకు పనికొస్తుందని ఈ చిట్కాలు రాస్తున్నాను. కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

టీకా వేయించుకోవడం అసలు పెద్ద పనేం కాదు. ఆధార్ కార్డు పట్టుకెళ్ళి, చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది పడ్డాక అరగంట బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చేయడమే. అక్షరమ్ముక్క రానివాడైనా చేసేస్తాడు. బీటెక్ చదివి, మూడు వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్‌గా ఉన్న మీరు కూడా అదే చేస్తే ఇక తేడా ఏముంది? కాబట్టి మీరు ముందు ఎంచుకోవాలి. ఏ కేంద్రంలో ఏది ఉంటే అదే వేస్తాం, ఎంచుకోవడాల్లేవు అని ప్రభుత్వం మొదట్లోనే చెప్పింది. వద్దన్నాక ఎంచుకోకుండా ఎలా ఉంటాం?

ముందు ఊరూ పేరూ కనుక్కోండి

2021 జనవరి 3న ఒకేరోజు రెండు టీకాలకు అత్యవసర అనుమతి వచ్చింది. కొవిషీల్డ్‌ను ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, ఆస్ట్రాజెనెకా రూపొందిస్తే పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసింది. కొవాగ్జిన్ ఐసీఎంఆర్‌తో కలిసి భారత్ బయోటెక్ చేసింది, మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో. ఒకటి ఫారిన్ సరుకు, ఇంకోటి లోకల్ సరుకు అన్నమాట. ఫారిన్ సరుకైతే "మన మీద ప్రయోగాలు చేస్తున్నారండీ" అనండి. లోకల్ సరుకైతే "మనవాళ్ళకు అంత సీనుందా?" అనండి. ఈ రెండు ముక్కలూ కంఠతా వస్తే చాలు, ఇక ఏ దేశం టీకా వచ్చినా మీకు మాటకు లోటుండదు.

కొవాగ్జిన్ విషయంలో మీకో బంగారంలాంటి అవకాశం దొరికిన మాట నిజం. అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ప్రయోగాల ఫలితం రాలేదు. క్లినికల్ ట్రయల్ పద్ధతిలో ఇస్తామన్నారు, వేయించుకునేవాళ్ళ చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించారు. ఫలితం ఏదీ అని అడగడం న్యాయమే, అడిగినవాళ్ళలో శాస్త్రవేత్తలూ ఉన్నారు. మార్చి 3న మధ్యంతర ఫలితం వచ్చింది, 81 శాతం అన్నారు. జులైలో పూర్తి లెక్క తేలింది, 77.8 శాతం. జవాబు వచ్చింది కదా అని మామూలువాళ్ళు ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి. జవాబు వచ్చాక కూడా అదే ప్రశ్న అడుగుతుండటంలోనే నేర్పంతా ఉంది.

ఈ సందర్భంలో ఒక్క సంగతి మాత్రం గుర్తుకు రాకుండా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి పసిపిల్లలకు రోటావైరస్ విరేచనాలు రాకుండా నోట్లో చుక్కలు వేస్తున్నారు. అప్పట్లో వేసినవి ఈ భారత్ బయోటెక్ తయారుచేసిన చుక్కలే. బుధవారమో శనివారమో పిల్లను చంకనేసుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళ్ళి "ఇది ఏ కంపెనీదమ్మా, ఎంత శాతం పనిచేస్తుంది?" అని అడిగిన తల్లిని నేనైతే చూడలేదు. బీసీజీ ఎవరు చేశారో, పెంటావాలెంట్ సీసా మీద ఎవరి పేరుందో మన ఇళ్ళలో ఒక్కరికీ తెలీదు. పిల్లల ఒంట్లోకి పేరు అడక్కుండా ఇన్ని సూదులు పొడిపించిన మనం మన దాకా వచ్చేసరికి ఇంత పరిశోధన చేశామంటే, మన ప్రాణం మీద మనకున్న గౌరవం అలాంటిది.

శాతాలు చూసి ర్యాంకులివ్వండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి. ఫైజర్ 95, మోడర్నా 94, స్పుత్నిక్ 91, కొవాగ్జిన్ 78, కొవిషీల్డ్ 70, జాన్సన్ అండ్ జాన్సన్ 66. ఒక కాగితం మీద పైనుంచి కిందికి రాసుకోండి. అచ్చం ఎంసెట్ ర్యాంకుల్లా ఉన్నాయి కదూ? పైనున్నది టాపర్, కిందున్నది మేనేజ్‌మెంట్ కోటా.

అందరికీ ఒకే పేపరు, ఒకే రోజు పరీక్ష పెట్టారా అని మాత్రం అడక్కూడదు. అడిగితే ఇబ్బంది. జాన్సన్ టీకాను దక్షిణాఫ్రికాలోనూ పరీక్షించారు, అప్పటికే అక్కడ వైరస్ కొత్త రూపం ఎత్తింది. ఫైజర్ ఫలితం 2020 నవంబరులోనే వచ్చేసింది. ఇంతకీ ఏది జబ్బు కింద లెక్క? ఒక కంపెనీ చిన్న దగ్గుతో పాటు పాజిటివ్ వచ్చినా లెక్కపెట్టింది. ఇంకో కంపెనీ మధ్యస్థంగానో గట్టిగానో జబ్బు చేస్తేనే లెక్కేసింది. ఆ 66 శాతం జాన్సన్ టీకాయే తీవ్రమైన జబ్బును ఆపడంలో 85 శాతం పనిచేసింది. ఇవన్నీ పట్టించుకుంటే ర్యాంకుల పట్టిక చించేయాల్సి వస్తుంది.

95 శాతం అంటే ఏమిటో కూడా తెలుసుకోవద్దు. తెలీనంతకాలం "నూటికి ఐదుగురికి జబ్బు వస్తుందట" అని ధైర్యంగా చెప్పొచ్చు. ఫైజర్ ప్రయోగంలో దాదాపు 43 వేల మంది ఉన్నారు. సగం మందికి అసలు టీకా, సగం మందికి ఉప్పునీళ్ళు. రెండో డోసు పడి వారం దాటాక జబ్బుపడింది మొత్తం 170 మంది. అందులో 162 మంది ఉప్పునీళ్ళవాళ్ళు, 8 మంది టీకావాళ్ళు. ఆ రెండు అంకెల్ని పోల్చితే వచ్చిందే 95. అంటే టీకా వేసుకున్న దాదాపు సగం మందిలో, రెండు డోసులూ పడ్డాక అలా జబ్బుపడింది ఎనిమిది మంది. ఇది చదివాక మీకు టీకా మీద గౌరవం పెరిగేలా ఉంటే ఈ పేరా వదిలేయండి.

"ఆసుపత్రి పాలు కాకుండా, చావకుండా ఏది ఆపుతుంది?" అనే ప్రశ్న అసలే అడగొద్దు. ఆ ప్రశ్నకు పైనున్న టీకాలన్నీ దాదాపు ఒకే జవాబు చెప్పాయి. అందరికీ ఫస్ట్ క్లాసొస్తే ఇక ర్యాంకులెందుకు?

పట్టికలో మొదటి రెండూ మనకు దొరికేవి కావని కొందరు గొణుగుతారు. ఫైజర్ 2021 ఫిబ్రవరిలోనే మన దేశంలో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మోడర్నాకు జూన్ చివర్లో అనుమతి వచ్చినా, టీకా కార్యక్రమంలో ఎవరి చేతికీ పడలేదు. సరిగ్గా అందుకే వాటికోసం ఆగాలి. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫైజర్ వేయించుకున్నాడు. గుంటూరులో ఉన్న అమ్మానాన్నా అదే వేయించుకోవాలంటే, అబ్బాయి వచ్చి తీసుకెళ్ళేదాకా ఆగొచ్చు. విమానాలు లేవంటారా? వచ్చేదాకా ఆగండి.

రేటు కూడా ఒక కొలమానమే. 2021 జూన్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. కొవిషీల్డ్ 780 రూపాయలు, స్పుత్నిక్ 1,145, కొవాగ్జిన్ 1,410. మొన్నటిదాకా "నీళ్ళు" అని తీసిపారేసిన కొవాగ్జిన్ ఒక్కసారిగా గట్టి మందైపోయింది. ఎదురుగా ప్రభుత్వ కేంద్రంలో అదే టీకా ఉచితంగా వేస్తుంటే చూడనట్టు నడిచిపొండి.

కేంద్రం దగ్గర ప్రవర్తన

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళండి. ఏఎన్ఎం బల్ల మీద నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్ ఉంటుంది, లోపల ఐస్ ప్యాకుల మధ్య చిన్న సీసాలు. ఒక్కో సీసాలో పది డోసులు. కొవిషీల్డ్ సీసా మూత పొడిచాక నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే మిగిలింది పారబోయాలి. అందుకే ఆవిడ పదిమంది పోగయ్యేదాకా ఆగుతుంది. ఎనిమిది మంది కుర్చీల్లో కూర్చుని ఉంటారు. ఒక తాత పొద్దున పదకొండింటి నుంచీ ఉన్నాడు, పంచె కొంగులో ఆధార్ కార్డు మూటగట్టుకుని. మీరు, మీ ఆవిడ కలిస్తే పది.

ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి అడగండి: "సిస్టర్, ఏది ఉంది?"

"కొవిషీల్డ్ ఉందండి. రండి సార్, మీ ఇద్దరు కూర్చుంటే సీసా తీస్తాను."

"కొవాగ్జిన్ లేదా?"

"రెండూ ఒకటే సార్. ఏది దొరికితే అది వేయించేసుకోండి."

ఇక్కడ చిన్నగా నవ్వాలి. ఆవిడ జనవరి నుంచీ రోజుకు ఎందరికి సూదులు పొడిచిందో మనకు అనవసరం, ఆవిడ మన గ్రూపులో లేదు. "సరే, రేపొస్తాం" అని తిరిగి స్కూటర్ ఎక్కండి. ఎనిమిది మంది మళ్ళీ ఎనిమిది మందే. రేపు కొవాగ్జిన్ ఉంటే "కొవిషీల్డ్ లేదా సిస్టర్?" అని అడగడం మరచిపోవద్దు.

జ్వరం పరీక్ష

టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబులు అక్కర్లేదు, థర్మామీటర్ చాలు. కొవిషీల్డ్ వేయించుకున్నవాళ్ళలో చాలామందికి ఆ రాత్రి ఒళ్ళు కాలింది, కీళ్ళు పట్టేశాయి, డోలో 650 వేసుకుని పడుకున్నారు. కొవాగ్జిన్ వాళ్ళలో ఎక్కువమంది మర్నాడు పొద్దున్నే లేచి వాకింగుకెళ్ళారు. దీని మీద మనవాళ్ళు రెండు సిద్ధాంతాలు కనిపెట్టారు. జ్వరం వస్తే: "అమ్మో, చాలా గట్టిది, గుండె జబ్బున్నవాళ్ళు తట్టుకోలేరు." జ్వరం రాకపోతే: "వట్టి నీళ్ళు, ఏమీ పనిచేయలేదు." రెండూ ఒకే నోటితో, ఒకే వారంలో అనొచ్చు, ఇబ్బందేం లేదు. జ్వరం ఒంటి స్పందనలో ఒక భాగమేననీ, అది రాకపోయినా యాంటీబాడీలు తయారవుతాయనీ డాక్టరు చెప్పబోతే, "మా బావమరిదికి రాలేదు, అయినా పాజిటివ్ వచ్చింది" అనండి. ప్రతి ఇంట్లోనూ ఒక బావమరిది ఉంటాడు.

రెండో డోసు గడువు మారినప్పుడు కూడా వదలకండి. కొవిషీల్డ్‌కు మొదట నాలుగు నుంచి ఆరు వారాలన్నారు. మార్చిలో ఎనిమిది వారాల దాకా పెంచారు. మే 13న పన్నెండు నుంచి పదహారు అన్నారు. ఎడం పెరిగితే రక్షణ పెరుగుతుందని బ్రిటన్ లెక్కలు చెప్పాయి. అప్పుడే దేశంలో టీకాల కరువూ ఉంది. రెండూ నిజమే కావచ్చని ఒప్పుకుంటే చర్చ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. "స్టాకు లేక కట్టిన కథ" అని ఒక్కదాన్నే పట్టుకోండి, సాయంత్రమంతా సాగుతుంది.

రక్తం గడ్డలు

2021 మార్చిలో యూరప్ దేశాలు కొన్ని ఆస్ట్రాజెనెకా టీకాను కొన్నాళ్ళు ఆపాయి. అరుదుగా కొందరిలో ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తం గడ్డకడుతోందని తేలింది. ఇది నిజమైన దుష్ప్రభావమే, పుట్టించిన వార్త కాదు. మే నెలలో మన ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది: కొవిషీల్డ్ పది లక్షల డోసులకు 0.61 కేసులు. బ్రిటన్‌లో అది నాలుగు, జర్మనీలో పది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోవద్దు, "గడ్డలు" అన్న మాట ఒక్కటే గుర్తుపెట్టుకోండి. అసలు కొవిడ్ వచ్చినవాళ్ళకే రక్తం గడ్డలు ఎక్కువ కడతాయని, ఆసుపత్రిలో చేరినవాళ్ళకు హెపారిన్ పొడిచేది అందుకేనని ఎవరైనా అంటే ఫోను సైలెంట్‌లో పెట్టండి. ఈ వార్తను ముందుగా ఫార్వర్డ్ చేయడం కోసం హెల్మెట్ లేకుండా బైకు నడుపుతూ టైప్ చేసినా ఫర్వాలేదు.

ఈ చిట్కాకు గడువు తేదీ లేదు. 2024లో ఆస్ట్రాజెనెకా లండన్ కోర్టులో, చాలా అరుదుగా ఇలా జరగవచ్చని ఒప్పుకుందన్న వార్త వచ్చింది. మూడేళ్ళ కిందటే డాక్టర్లు రాసిన సంగతి. అయినా కొవాగ్జిన్ వేయించుకున్నవాళ్ళు గ్రూపుల్లో మీసం మెలేశారు. ఆ 2024 మే నెలలోనే కొవాగ్జిన్ దుష్ప్రభావాల మీద బనారస్ హిందూ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనం ఒకటి బయటికొచ్చింది. పోల్చి చూసేందుకు టీకా వేయించుకోనివాళ్ళ గుంపే అందులో లేదని, దాంతో తమకు సంబంధం లేదని ఐసీఎంఆర్ చెప్పేలోపు ఈసారి మెలేయడం కొవిషీల్డ్ వాళ్ళ వంతైంది. ఒకరి గుండెల్లో దడ ఇంకొకరికి పండగ. 2021లో ఒకే వీధిలో ఉన్నవాళ్ళు టీకా పేరుతో రెండు వర్గాలయ్యారని అప్పుడే అర్థమైంది నాకు.

సంప్రదాయం ఉన్నవాళ్ళు ఇంకో దారి పట్టొచ్చు. కొవాగ్జిన్‌లో దూడ సీరం, కొవిషీల్డ్‌లో చింపాంజీ వైరస్ అని ప్రచారం చేయండి. దూడ సీరంతో పెంచింది కణాలనే, ఆ తర్వాత కడిగేశారు, టీకాలో అది మిగల్లేదని 2021 జూన్‌లో కేంద్రం చెప్పింది. వినేవాడెవడు?

పాస్‌పోర్టు

ఒక్క వర్గానికి మాత్రం ఎంచుకోవడానికి అసలైన కారణం ఉండేది. 2021 ఆగస్టులో అమెరికాకు చదువుకు బయల్దేరిన మన పిల్లలు. కొవిషీల్డ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఫిబ్రవరిలోనే వచ్చింది, కొవాగ్జిన్‌కు నవంబరు 3దాకా రాలేదు. కొవాగ్జిన్ వేయించుకున్న పిల్లల్ని చాలా యూనివర్సిటీలు మళ్ళీ టీకా వేయించుకోమన్నాయి. విదేశాలకు వెళ్ళేవాళ్ళకు కొవిషీల్డ్ రెండో డోసు 28 రోజులకే ఇమ్మని జూన్‌లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది కూడా. వాళ్ళ కారణం వాళ్ళకుంది. మీరు చేయాల్సిందల్లా ఆ కారణాన్ని అరువు తెచ్చుకోవడం. మీరు తిరుపతి దాటి ఎప్పుడూ పోకపోయినా, పాస్‌పోర్టు లేకపోయినా, "రేపు ఎటైనా వెళ్ళాల్సొస్తే?" అని గంభీరంగా అనండి.

ఆగండి, ఇంకా ఆగండి

పై చిట్కాలన్నిటి సారం ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడకండి. 2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళకు, జబ్బులున్న నలభై ఐదేళ్ళవాళ్ళకు టీకా మొదలైంది. ప్రైవేటులో డోసు 250 రూపాయలు. చాలాచోట్ల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఫోన్ చేసి రమ్మని పిలిచేవాళ్ళు. "పదిమంది వేయించుకోనీ, చూద్దాం" అన్నాం. ఏప్రిల్ 1న నలభై ఐదు దాటిన అందరికీ తెరిచారు. "ఎండలు తగ్గనీ" అన్నాం. ఏప్రిల్ నెలాఖరుకు అదే ఫోన్లలో ఆక్సిజన్ బెడ్డు కోసం, రెమ్‌డెసివిర్ కోసం బతిమాలుకున్నాం. మే నెలలో స్టాకు చాలక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ మొదటి డోసులు కొన్నాళ్ళు ఆపేసి రెండో డోసులకే ఇచ్చాయి. మార్చిలో కుర్చీ వేసి పిలిచినా కూర్చోనివాళ్ళు, మేలో కోవిన్ తెరమీద ఓటీపీ కొట్టేలోపు ఎర్రబడిపోయే స్లాట్ల కోసం రాత్రిళ్ళు మేలుకున్నారు. హైదరాబాద్ నుంచి జిల్లాల్లోని ఆరోగ్య కేంద్రాలకు కార్లు కట్టుకుని పరుగెత్తారు. అప్పుడు ఏది ఉందని ఒక్కరూ అడగలేదు. మధ్యలో పోయినవాళ్ళు పోయారు. ఏ టీకా మంచిదో తేల్చుకునే పని వాళ్ళకు మిగల్లేదు.

ఆగేటప్పుడు ఊరికే కూర్చోలేకపోతే కృష్ణపట్నం ఉండనే ఉంది. ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లాలోని ఆ ఊరికి, ఒక మూలికల మందు కోసం వేలమంది మూకుమ్మడిగా తోసుకుంటూ వెళ్ళారు. ప్రభుత్వం కొన్నాళ్ళు పంపిణీ ఆపి, తర్వాత కంటిచుక్కలు తప్ప మిగతాదానికి అనుమతిచ్చింది. టీకాకు మూడో దశ ఫలితం చూపించమన్న మనమే దానికి మాత్రం ఒక్క దశ కూడా అడగలేదు. వెళ్ళినవాళ్ళను నవ్వడం నాకిష్టం లేదు, ఊపిరాడనివాడు ఎక్కడికైనా పరుగెత్తుతాడు. ఇంట్లో ఏసీ గదిలో కూర్చుని లొకేషన్ ఫార్వర్డ్ చేసినవాళ్ళే మన చిట్కాల పుస్తకానికి తగిన పాఠకులు.

రెండు రకాల టీకాలు కలిస్తే ప్రమాదం అని కూడా గట్టిగా చెప్పండి. ఉత్తరప్రదేశ్ సిద్ధార్థనగర్ జిల్లాలో సిబ్బంది పొరపాటున కొందరు గ్రామస్థులకు మొదట కొవిషీల్డ్, రెండోసారి కొవాగ్జిన్ వేసేశారు. ఐసీఎంఆర్ వాళ్ళలో 18 మందిని పరీక్షించి, క్షేమంగానే ఉన్నారని, రోగనిరోధక స్పందన ఇంకా బాగుందని చెప్పింది. పద్దెనిమిది మంది ఒక లెక్కా? మన బావమరిది ఒక్కడు చాలు.

చివరిగా, ఓపిక పట్టినవాళ్ళకు దక్కే ఫలం. 2022 ఏప్రిల్ నుంచి పద్దెనిమిది దాటినవాళ్ళందరికీ ముందుజాగ్రత్త డోసు తెరిచారు. రెండు కంపెనీలూ ప్రైవేటు ధర 225 రూపాయలకు దించేశాయి. జులై 15 నుంచి 75 రోజులపాటు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆగస్టులో హైదరాబాద్ బయలాజికల్-ఇ తయారుచేసిన కార్బెవాక్స్ కూడా చేరింది, ముందు రెండు డోసులు కొవిషీల్డ్ వేసుకున్నా, కొవాగ్జిన్ వేసుకున్నా ఇది వేయించుకోవచ్చన్నారు. క్యూ లేదు, స్లాటు గొడవ లేదు. ఎంచుకోవడానికి అన్నీ ఉన్నాయి, ఎంచుకునేవాళ్ళే రాలేదు. దాదాపు 10 కోట్ల కొవిషీల్డ్ డోసులు గడువు తీరిపోయాయని ఆ అక్టోబరులో సీరం సంస్థ అధిపతి అదర్ పూనావాలా చెప్పారు. మరుసటి నెల కొవాగ్జిన్ వంతు: అడిగేవాళ్ళు లేక సుమారు 5 కోట్ల డోసులకు 2023 మొదట్లో గడువు తీరబోతోందని వార్త వచ్చింది.